జూనియర్ టెన్నిస్ టోర్నమెంట్లు: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఏవి దగ్గరపడినా టెన్నిస్ ఆడే పిల్లల ఇళ్ళల్లో ఒకటే చర్చ: రాబోయే టోర్నమెంట్లలో దేనికి పేరివ్వాలి, దేన్ని వదిలేయాలి. కోచ్‌ని అడిగితే ఒక మాట, పక్క పిల్లాడి నాన్నని అడిగితే ఇంకో మాట, వాట్సాప్ గ్రూపులో మూడో మాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కొత్తగా టోర్నమెంట్లలోకి దిగుతున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మొదటి రెండేళ్ళూ ర్యాంకు కోసం కాకుండా మ్యాచ్‌ల కోసం టోర్నమెంట్లు ఎంచుకోవాలి. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

రాబోయే టోర్నమెంట్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

దేశంలో జూనియర్ టోర్నమెంట్లను గుర్తించేదీ ర్యాంకులిచ్చేదీ అఖిల భారత టెన్నిస్ సంఘం. అందరూ ఐటా అనేది దాన్నే. ఐటా వెబ్‌సైట్‌లో జూనియర్ క్యాలెండర్ ఉంటుంది. ఏ వారం, ఏ ఊళ్ళో, ఏ వయసు వాళ్ళకి, ఏ స్థాయి టోర్నమెంటు అనేది అందులో వారాల వారీగా కనిపిస్తుంది. ఒక్కో టోర్నమెంటుకి ఫ్యాక్ట్ షీట్ అని ఒకటి పెడతారు. అసలు చదవాల్సింది అదే. కోర్టు హార్డ్ కోర్టా మట్టి కోర్టా, ఏ కంపెనీ బంతులు వాడతారు, ఎంట్రీకి చివరి తేదీ, ఫీజు, సైన్ ఇన్ టైము, రెఫరీ ఫోన్ నంబరు, దగ్గర్లో హోటళ్ళు అన్నీ అందులోనే ఉంటాయి. రాష్ట్ర స్థాయి పోటీల గురించి తెలంగాణ స్టేట్ టెన్నిస్ అసోసియేషన్, ఆంధ్రప్రదేశ్ టెన్నిస్ అసోసియేషన్‌ల దగ్గర కనుక్కోవచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి. తేదీలు మారతాయి, వేదికలు మారతాయి, ఒక్కోసారి టోర్నమెంటే రద్దవుతుంది. మూడు నెలల కిందట ఎవరో ఫార్వర్డ్ చేసిన లిస్టుని నమ్ముకుని రైలు టికెట్లు తీయకండి. టికెట్ తీసే రోజు మళ్ళీ ఒకసారి వెబ్‌సైట్ తెరిచి చూసుకోండి.

టాలెంట్ సిరీస్, ఛాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్... ఇన్ని పేర్లేంటి?

అన్నీ ఐటా టోర్నమెంట్లే, స్థాయిలు వేరు. అన్నిటికంటే కింద టాలెంట్ సిరీస్, దాని పైన ఛాంపియన్‌షిప్ సిరీస్, ఆ పైన సూపర్ సిరీస్, తర్వాత నేషనల్ సిరీస్, అన్నిటి మీదా నేషనల్స్. పైకి వెళ్ళేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి, పోటీ కూడా అంతే గట్టిగా ఉంటుంది. ఛాంపియన్‌షిప్ సిరీస్‌లోనే మూడు రోజుల్లో ముగిసేవీ, వారం రోజులు నడిచేవీ వేర్వేరుగా ఉంటాయి. వారం టోర్నమెంటైతే మామూలుగా శని, ఆదివారాల్లో క్వాలిఫయింగ్, అంటే అసలు పోటీలో చోటు కోసం ఆడే మ్యాచ్‌లు, సోమవారం నుంచి మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ. స్కూలు మానకూడదనుకుంటే మూడు రోజులదే నయం.

కొత్తగా మొదలుపెట్టే పిల్లలు టాలెంట్ సిరీస్‌తోనో, సొంత ఊళ్ళో జరిగే ఛాంపియన్‌షిప్ సిరీస్‌తోనో మొదలుపెట్టడం మంచిది. ర్యాంకు లేని పిల్లాడిని నేరుగా సూపర్ సిరీస్ క్వాలిఫయింగ్‌కి తీసుకెళ్ళి, రాను పోను రైల్లో రెండు రాత్రులు గడిపి, ముప్పావుగంటలో ఓడిపోయి తిరిగొచ్చే కుటుంబాలు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తాయి. పిల్లాడు నేర్చుకున్నది ఏమీ ఉండదు, ఖర్చు మాత్రం మిగులుతుంది.

ఏ వయసు విభాగంలో ఆడాలి?

ఐటాలో అండర్-12, అండర్-14, అండర్-16, అండర్-18 విభాగాలు ఉంటాయి, బాలురకీ బాలికలకీ వేరువేరుగా. పుట్టిన తేదీ కటాఫ్ ఏంటో ఫ్యాక్ట్ షీట్‌లో రాస్తారు, అది చూసి పేరివ్వండి. చిన్న వయసు పిల్లలు పై విభాగంలో ఆడొచ్చు. కానీ అండర్-12లో ఇంకా గట్టిగా గెలవడం మొదలుపెట్టని అమ్మాయిని "అనుభవం వస్తుంది కదా" అని అండర్-16లో దింపడం నాకు నచ్చదు. తనకంటే జానెడు పొడుగున్న వాళ్ళ సర్వీసు తిప్పికొట్టడానికే సరిపోతుంది, తన ఆట ఆడే అవకాశమే రాదు.

పదేళ్ళ లోపు పిల్లలకి టోర్నమెంట్లు ఉన్నాయా?

ఉన్నాయి. 2012 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, పదేళ్ళ లోపు వాళ్ళ పోటీల్లో మామూలు పసుపు బంతిని వద్దంది. రెడ్, ఆరెంజ్, గ్రీన్ అని మూడు రకాల మెత్తటి బంతులుంటాయి. మామూలు బంతితో పోలిస్తే రెడ్ 75 శాతం, ఆరెంజ్ 50 శాతం, గ్రీన్ 25 శాతం నెమ్మది. బంతి నడుము ఎత్తులో అందుతుంది కాబట్టి పిల్లలు సరైన గ్రిప్‌తో, సరైన స్వింగ్‌తో కొట్టగలుగుతారు. "మావాడు ఏడేళ్ళకే పసుపు బంతితో ఆడేస్తున్నాడండీ" అని కొందరు గర్వంగా చెప్తారు. భుజం మీదుగా వచ్చే బంతిని అందుకోవడానికి ఆ పిల్లాడు గ్రిప్ ఎలా తిప్పేశాడో చూడండి. ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత చాలా కాలం పడుతుంది.

పిల్లాడు టోర్నమెంటుకి రెడీ అయ్యాడని ఎలా తెలుస్తుంది?

నాలుగు విషయాలు చూడండి. రెండో సర్వీసు కోర్టులో పడుతోందా? స్కోరు తనంతట తాను లెక్కపెట్టుకోగలడా, డ్యూస్, టై బ్రేక్‌తో సహా? మీరు పక్కన లేకుండా గంటన్నర ఉండగలడా? ఎదుటివాడి బంతి లోపల పడితే నిజాయితీగా లోపల అని చెప్పగలడా? ఈ నాలుగూ ఉంటే పంపించండి, ఫోర్‌హ్యాండ్ ఇంకా కుదరలేదనో బ్యాక్‌హ్యాండ్ వీక్ అనో ఆగకండి. అవి కుదిరేది మ్యాచ్‌లు ఆడితేనే.

మొదటి టోర్నమెంటుకి ముందు అకాడమీలోనే తెలియని పిల్లలతో పూర్తి మ్యాచ్‌లు ఆడించమని కోచ్‌ని అడగండి. రోజూ బాస్కెట్‌లోంచి బంతులు వేస్తుంటే కొట్టే పిల్లలకి, పాయింటు పోతుందన్న టెన్షన్‌లో కొట్టడం పూర్తిగా కొత్త విషయం.

రిజిస్ట్రేషన్‌కి ఏమేం కావాలి?

ముందు ఐటాలో ప్లేయర్‌గా నమోదు చేసుకుని నంబరు తెచ్చుకోవాలి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఫొటో, ఆధార్ లేదా పాస్‌పోర్టు లాంటి గుర్తింపు, ఫీజు. అన్నిట్లోకీ ముఖ్యమైనది పుట్టిన తేదీ సర్టిఫికెట్. పుట్టిన వెంటనే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదై ఉంటే ఏ గొడవా ఉండదు. ఏళ్ళ తర్వాత నమోదు చేయించినదైతే ప్రశ్నలు వస్తాయి, వయసు పరీక్ష చేయించుకోమనే అవకాశం కూడా ఉంది. వయసు తగ్గించి ఆడించడం మన క్రీడల్లో పాత జబ్బు, దానివల్ల నిజాయితీగా ఆడే పిల్లలు ఎంత నష్టపోతున్నారో మాటల్లో చెప్పలేం, అందుకే ఈ తనిఖీలు ఇంకా గట్టిగా ఉండాలనే నేనంటాను. ఆధార్‌లో, స్కూలు రికార్డులో, సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగ్, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా అన్నది ఇప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందూ ఒకచోట వెనకా పడటం మామూలే, తర్వాత పాస్‌పోర్టు టైములో అది తలనొప్పి.

ఎంట్రీ ఎప్పుడు పంపాలి? లేటైతే?

టోర్నమెంటుకి రెండు మూడు వారాల ముందే ఎంట్రీలు మూసేస్తారు. ఆ తర్వాత ర్యాంకుల ప్రకారం యాక్సెప్టెన్స్ లిస్ట్ వస్తుంది: నేరుగా మెయిన్ డ్రాలో ఉన్నవాళ్ళు, క్వాలిఫయింగ్‌లో ఉన్నవాళ్ళు, ఎవరైనా తప్పుకుంటే లోపలికి వచ్చే ఆల్టర్నేట్లు. వైల్డ్ కార్డ్ అంటే నిర్వాహకులు తమ విచక్షణతో ఇచ్చే చోటు. క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినా, మెయిన్ డ్రాలో ఎవరో ఆఖరి నిమిషంలో రాకపోతే వచ్చే చోటుని లక్కీ లూజర్ అంటారు. దానికి కూడా విడిగా సంతకం పెట్టాల్సి ఉంటుంది కాబట్టి ఓడిన వెంటనే బ్యాగు సర్దుకుని బస్టాండుకి పరిగెత్తకండి.

లేటైతే? వచ్చే వారం చూసుకోవడమే. గడువు దాటాక బతిమాలడం వల్ల ప్రయోజనం ఉండదు.

సైన్ ఇన్ అంటే?

పిల్లలు వేదిక దగ్గరకు వచ్చామని రెఫరీ ముందు సంతకం పెట్టడం. ఫ్యాక్ట్ షీట్‌లో రాసిన టైములోపే చేయాలి. పది నిమిషాలు ఆలస్యమైనా పేరు తీసేసే హక్కు రెఫరీకి ఉంది. హైదరాబాద్‌లో అయితే ట్రాఫిక్‌ని లెక్కలో వేసుకోండి. మధ్యాహ్నం సైన్ ఇన్ అంటే పొద్దున్నే బయల్దేరినట్టు ఉండాలి.

టోర్నమెంటు రోజు ఏం జరుగుతుంది?

ముందురోజు సాయంత్రం ఆర్డర్ ఆఫ్ ప్లే, అంటే ఏ మ్యాచ్ ఏ కోర్టులో ఎన్నోదో చెప్పే లిస్టు, వస్తుంది. పొద్దున మొదటి మ్యాచ్‌లకే కచ్చితమైన టైము ఉంటుంది. మిగతావి "ఆ కోర్టులో ముందు మ్యాచ్ అయ్యాక" అని ఉంటాయి. మీ పిల్లది నాలుగో మ్యాచ్ అయితే పదకొండుకి రావొచ్చు, మధ్యాహ్నం మూడుకీ రావొచ్చు. పేరు పిలిచాక 15 నిమిషాల్లో కోర్టులో లేకపోతే వాకోవర్, అంటే ఆడకుండానే ఎదుటివాళ్ళకి గెలుపు, ఇచ్చేస్తారు. ఆటకి ముందు ఐదు నిమిషాలు వార్మప్. మెయిన్ డ్రా సింగిల్స్ మామూలుగా మూడు సెట్లలో రెండు గెలవాలి. క్వాలిఫయింగ్‌లో చాలాచోట్ల ఎనిమిది గేములు గెలిచేదాకా ఆడే ఒకే లాంగ్ సెట్ పెడతారు. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు. దెబ్బ తగిలితే మూడు నిమిషాల మెడికల్ టైమౌట్ అడగొచ్చు. కండరాలు పట్టేస్తే దానికోసం ఆట ఆపరు, కోర్టు మారేటప్పుడు దొరికే టైములోనే చూసుకోవాలి.

ఎదుటి పిల్లాడు లోపలి బంతిని అవుట్ అంటున్నాడు. ఏం చేయాలి?

అందరికంటే ఎక్కువగా, అందరికంటే కోపంగా అడిగే ప్రశ్న ఇదే. కాస్త వివరంగా చెప్తాను.

జూనియర్ టోర్నమెంట్లలో ప్రతి కోర్టుకీ చైర్ అంపైర్ ఉండరు. రెండు మూడు కోర్టులకి కలిపి తిరుగుతూ చూసే అధికారి ఒకరుంటారు. కాబట్టి ఎవరి వైపు పడిన బంతికి వాళ్ళే కాల్ చెప్పాలి. నియమం స్పష్టంగా ఉంది: అవుట్ అయితే వెంటనే, గట్టిగా, చేతితో చూపించి చెప్పాలి, అనుమానం ఉంటే బంతి లోపల పడినట్టే. మట్టి కోర్టులో బంతి గుర్తు పడుతుంది కాబట్టి చూపించమని అడగొచ్చు. హార్డ్ కోర్టులో ఆ అవకాశం ఉండదు.

పిల్లలకి నేర్పాల్సినవి ఇవి. మొదటి తప్పు కాల్‌కి "ఆర్ యూ ష్యూర్?" అని మర్యాదగా అడగడం. రెండోసారి కూడా అలాగే అయితే ఆట ఆపి, నెట్ దగ్గరకి పోకుండా, ఎదుటివాడితో వాదించకుండా, చెయ్యెత్తి రెఫరీని పిలవడం. అధికారి వచ్చి కోర్టు దగ్గర నిలబడ్డాక తప్పుడు కాల్స్ చాలావరకు ఆగిపోతాయి. జరిగిపోయిన పాయింటు మాత్రం తిరిగి రాదు, ఆ సంగతి పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకురండి, లేకపోతే ఆ ఒక్క పాయింటునే తలుచుకుంటూ తర్వాతి మూడు గేములు పోగొట్టుకుంటారు.

స్కోరు గొడవలు కూడా ఇంతే. సర్వీసు చేసేవాళ్ళు ప్రతి పాయింటుకీ ముందు స్కోరు ఎదుటివాళ్ళకి వినపడేలా చెప్పాలి. తేడా వస్తే రెఫరీ వచ్చి, ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లు ఏవో అడిగి, వాటి దగ్గర్నుంచి ఆడిస్తారు. నోరు విప్పి స్కోరు చెప్పని పిల్లలే ఇక్కడ ఎక్కువగా నష్టపోతారు. మన పిల్లల్లో మొహమాటం ఎక్కువ, దీన్ని ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి.

అమ్మానాన్నలు కంచె బయట నుంచి "లోపలే పడింది, నేను చూశాను" అని అరవకూడదు. మీరు చూసింది నిజమే కావచ్చు. కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, పైగా మీ పిల్లకే వార్నింగ్ రావొచ్చు. ఆ తర్వాత మళ్ళీ తప్పు జరిగితే పాయింటు పోతుంది, తర్వాత గేమ్ పోతుంది. ఇక ఎదుటి కుటుంబం వాళ్ళతో గొడవకి దిగడమంటే... వచ్చే వారం ఇంకో ఊళ్ళో అదే పిల్లలు, అదే అమ్మానాన్నలు, అదే బెంచీ. రాష్ట్రంలో జూనియర్ టెన్నిస్ ఆడే కుటుంబాలు అంత ఎక్కువేం లేవు.

మీ పిల్లే తప్పు కాల్ చెప్పడం మీకు కనిపిస్తే? ఇంటికెళ్ళాక గెలిచిన ఆనందం పక్కన పెట్టి ఆ విషయం మాట్లాడండి. చీటింగ్ చేస్తుందని పేరు పడితే ఆ పిల్లతో డబుల్స్ ఆడటానికి కూడా ఎవరూ ముందుకు రారు.

కోచ్ గానీ మేము గానీ బయటి నుంచి సలహాలు చెప్పొచ్చా?

2025 నుంచి ఐటీఎఫ్ నిబంధనల్లో కోర్టు బయటి నుంచి కోచింగ్‌కి వీలు కల్పించారు, అయితే ఆ పోటీ నిర్వహించే సంఘం ఒప్పుకుంటేనే. కాబట్టి సైన్ ఇన్ దగ్గరే రెఫరీని అడిగేయండి. ఒప్పుకున్నా సరే, పన్నెండేళ్ళ పిల్లకి ప్రతి పాయింటు తర్వాతా "మోకాళ్ళు వంచు, టాప్ స్పిన్ వెయ్" అని చెప్తూ ఉంటే తను ఆలోచించడం మానేసి మీవైపు చూడటం మొదలుపెడుతుంది.

ఎండలో ఎలా? ఏం తినిపించాలి?

మన దగ్గర వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో కూడా, టోర్నమెంట్లు పడతాయి. విజయవాడలో, గుంటూరులో, ఖమ్మంలో 40 డిగ్రీలు దాటే ఎండలో హార్డ్ కోర్టు ఎలా కాలిపోతుందో చెప్పక్కర్లేదు. టోర్నమెంటుకి కనీసం వారం ముందు నుంచి, కోచ్ చూస్తుండగా, ఎండలో కాసేపు కాసేపు ఆడించి ఒంటిని అలవాటు చేయాలి. ఏసీ గదిలోంచి నేరుగా కోర్టులోకి వెళ్తే తట్టుకోలేరు.

నీళ్ళు ముందురోజు నుంచే తాగించాలి. ఓఆర్‌ఎస్ విషయంలో ఒక్క మాట: మందుల షాపులో డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి, లీటరు నీళ్ళలో కలిపేది. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్ళు అమ్మే డబ్బాల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశాలిచ్చింది. అంత కష్టపడి ఆవిడ సాధించినదాన్ని మనం వాడుకోవాలి కదా. మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చినా మంచిదే.

తిండి మామూలుగా ఇంట్లో తినేదే. మ్యాచ్‌కి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా లేదా పెరుగన్నం. మ్యాచ్‌ల మధ్య అరటిపండు, ఖర్జూరం, పల్లీ పట్టీ చిన్న ముక్క. పొద్దున్నే పూరీలు, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి కోర్టులో పరిగెత్తమంటే ఎలా? బిర్యానీ ఓడినా గెలిచినా సాయంత్రం తినిపించండి. కొత్త ఊళ్ళో కొత్త పదార్థాలు టోర్నమెంటు అయ్యేదాకా వద్దు. తల తిరుగుతోందన్నా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆట అక్కడే ఆపించి నీడలోకి తీసుకెళ్ళి, ఒళ్ళు చల్లబరిచి డాక్టర్ని పిలవాలి. ఏ పాయింటు కోసమూ ఆలోచించొద్దు.

ఎలాంటి రాకెట్? ఎన్ని కావాలి?

పొడవు ఎత్తుని బట్టి: 21, 23, 25, 26 అంగుళాలు, ఆ తర్వాత పెద్దవాళ్ళది 27. "పెరుగుతాడు కదా" అని ముందే పెద్దది కొనడం చెప్పుల విషయంలో చెల్లుతుందేమో గానీ రాకెట్ విషయంలో మణికట్టు, మోచెయ్యి దెబ్బతింటాయి. టోర్నమెంటుకి రెండు రాకెట్లు ఉండాలి, రెండూ ఒకే మోడల్, ఒకే టెన్షన్‌లో, అంటే ఒకే బిగువుతో, గట్టింగ్ (తీగలు వేయడం) చేయించినవి. మధ్యలో గట్ తెగితే ఎదుటివాళ్ళు ఆగరు. పాలిస్టర్ గట్ టీవీలో చూసి అడుగుతారు పిల్లలు, అది బిగుసుగా ఉంటుంది, చిన్న చేతులకి మంచిది కాదు. అండర్-14 దాకా మెత్తటి సింథటిక్ గట్ చాలు. బూట్లు టెన్నిస్‌వే ఉండాలి. రన్నింగ్ బూట్లతో పక్కకి జరిగితే చీలమండ మడత పడుతుంది.

ఏడాదికి ఎన్ని టోర్నమెంట్లు ఆడాలి?

దీనికి ఒకే అంకె చెప్పలేం. కానీ ఒక పద్ధతి ఉంది. పిల్లలు గెలిచే మ్యాచ్‌లు, ఓడే మ్యాచ్‌లు దాదాపు సమానంగా ఉండేలా, కాస్త గెలుపువైపు మొగ్గేలా టోర్నమెంట్లు ఎంచుకోండి. వరసగా మూడు చోట్ల మొదటి రౌండులోనే ఓడితే ఆ స్థాయి ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు దిగండి. వరసగా ఫైనల్స్ ఆడుతుంటే ఒక మెట్టు ఎక్కండి. రెండు మూడు వారాలు టోర్నమెంట్లు ఆడాక కనీసం అన్ని వారాలు ప్రాక్టీసుకి వదలాలి. ఓడిన మ్యాచ్‌లో ఏది పనిచేయలేదో దాన్ని బాగుచేసుకునే టైమే లేకుండా ఇంకో రైలెక్కితే అదే తప్పుతో ఇంకోచోట ఓడతారు.

ర్యాంకు పడిపోతోంది, ఏం చేయాలి?

కంగారు పడకండి. ర్యాంకుకి ఆడినవన్నీ కలపరు, మెరుగైన ఫలితాలనే లెక్కలోకి తీసుకుంటారు, 52 వారాలు దాటిన పాయింట్లు పోతాయి. అండర్-14 నుంచి అండర్-16కి మారిన ఏడాది అందరి ర్యాంకూ పడుతుంది. ఏడాదంతా ఊళ్ళు తిరిగి ఎక్కువ టోర్నమెంట్లు ఆడినవాళ్ళ ర్యాంకు బాగుండొచ్చు, తక్కువ ఆడి బాగా ఆడేవాళ్ళు వెనకుండొచ్చు. పద్నాలుగేళ్ళప్పటి ర్యాంకుని పట్టుకుని పిల్లల భవిష్యత్తు చెప్పేవాళ్ళ మాట వినకండి.

డబుల్స్ ఆడించాలా? అలిసిపోతారు కదా?

తప్పకుండా ఆడించండి. సింగిల్స్ మొదటి రౌండులో ఓడినా ఇంకో మ్యాచ్ దొరుకుతుంది, అంతదూరం వచ్చినందుకు. సర్వీసు రిటర్న్, వాలీ, నెట్ దగ్గర ఆట అన్నీ అక్కడే వస్తాయి. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా 2003లో వింబుల్డన్ బాలికల టైటిల్ గెలిచింది డబుల్స్‌లోనే, రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయిందీ డబుల్స్‌లోనే.

ఖర్చు ఎంతవుతుంది?

ఎంట్రీ ఫీజు పెద్ద భారం కాదు. అసలు ఖర్చంతా ప్రయాణం, హోటల్, తిండి, గట్టింగ్, పిల్లలతో వెళ్ళే పెద్దవాళ్ళు ఉద్యోగం నుంచి పెట్టే సెలవులు. తగ్గించే మార్గాలున్నాయి: ఏడాది మొత్తానికి ముందే బడ్జెట్ రాసుకుని, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల జరిగేవాటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. తర్వాత రాత్రి రైల్లో చేరుకోగల చెన్నై, బెంగళూరు. ఆ రెండు ఊళ్ళలో పోటీలు ఎక్కువ, కోర్టులు మంచివి. ఇద్దరు ముగ్గురు పిల్లల కుటుంబాలు కలిసి గది తీసుకుని, వంతులవారీగా ఒక అమ్మో నాన్నో వెళ్ళడం చాలామంది చేస్తున్నారు, పిల్లలకీ అది సరదా. అప్పు చేసి మాత్రం జూనియర్ టోర్నమెంట్లకి పంపకండి. ఆ భారం ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా పిల్లలకి తెలిసిపోతుంది, మ్యాచ్ పాయింటు దగ్గర అదే గుర్తొస్తుంది.

స్కూలు మానాల్సి వస్తే ఎలా?

విద్యా సంవత్సరం మొదట్లోనే హెడ్‌మాస్టర్‌కి క్యాలెండర్ చూపించి మాట్లాడండి, ప్రతిసారీ ముందురోజు సెలవు చీటీ పంపడం కంటే అది మంచిది. సీబీఎస్‌ఈలో అయితే 10, 12 తరగతుల బోర్డు పరీక్షలతో గుర్తింపు పొందిన జాతీయ, అంతర్జాతీయ పోటీలు ఢీకొంటే వేరే తేదీల్లో పరీక్ష రాసే వీలు ఉంది, స్కూలు ద్వారా ముందే దరఖాస్తు చేయాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు కూడా వదలకండి. అండర్-14, 17, 19 విభాగాల్లో జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి వరకు ఉంటాయి. స్పోర్ట్స్ కోటాలో ఆ సర్టిఫికెట్లు పనికొస్తాయి. చదువు పూర్తిగా మానిపించి ఓపెన్ స్కూల్‌లో వేయాలా అని అడుగుతారు కొందరు. పదహారేళ్ళు రాకముందే ఆ నిర్ణయం తీసుకోవద్దనే నేను చెప్తాను.

ఐటీఎఫ్ జూనియర్స్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

13 ఏళ్ళు నిండాక ఆడొచ్చు, 18 నిండే సంవత్సరం చివరి వరకు. 2008లో పుట్టినవాళ్ళకి 2026 ఆఖరు ఏడాది. ఐపిన్ అనే సభ్యత్వం తీసుకుని ఆన్‌లైన్‌లోనే ఎంట్రీ పంపాలి. 2023 నుంచి స్థాయిల పేర్లు మారాయి: జె30, జె60, జె100, జె200, జె300, జె500, వాటి మీద జూనియర్ గ్రాండ్ స్లామ్‌లు. జె30 గెలిస్తే 30 పాయింట్లు, జూనియర్ గ్రాండ్ స్లామ్ గెలిస్తే 1000. ఆరు మెరుగైన సింగిల్స్ ఫలితాలు, వాటికి తోడు ఆరు డబుల్స్ ఫలితాల్లో నాలుగో వంతు కలిపి ర్యాంకు. చిన్న వయసు వాళ్ళు ఏడాదికి ఎన్ని ఆడొచ్చన్నదానికి పరిమితి ఉంది, అది పిల్లల మంచికోసమే పెట్టారు.

ఐటా అండర్-16లో నిలకడగా క్వార్టర్ ఫైనల్స్ దాకా వెళ్తుంటే మన దేశంలో జరిగే జె30తో మొదలుపెట్టండి. పాయింట్లు తేలిగ్గా దొరుకుతాయని దూర దేశాలకి తిప్పే ఏజెంట్ల మాటలు నమ్మొద్దు. ఎక్కడైనా పాయింటు గెలవాల్సింది పిల్లలే.

జూనియర్ గ్రాండ్ స్లామ్‌లు గెలిచిన మనవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్, ఆయన కొడుకు రమేష్ కృష్ణన్ 1979లో ఫ్రెంచ్, వింబుల్డన్ రెండూ, లియాండర్ పేస్ 1990లో వింబుల్డన్, 1991లో యూఎస్ ఓపెన్, యూకీ భాంబ్రి 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్. డబుల్స్‌లో సానియా తర్వాత 2015లో సుమిత్ నాగల్.

నేషనల్స్ ఎక్కడ జరుగుతాయి?

ఫెనెస్టా నేషనల్స్ అందరికీ తెలిసినవి, ఢిల్లీ లాన్ టెన్నిస్ అసోసియేషన్ (డీఎల్‌టీఏ) హార్డ్ కోర్టుల మీద, సాధారణంగా సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతంలో. పెద్దవాళ్ళతో పాటు జూనియర్ విభాగాలూ ఉంటాయి. అక్కడికి వెళ్తే పిల్లలు ఓడిన రోజే తిరుగు ప్రయాణం కట్టకుండా ఒకటి రెండు రోజులు ఉండి పై రౌండ్ల మ్యాచ్‌లు చూడనివ్వండి. దేశంలోకెల్లా బాగా ఆడే తమ వయసు పిల్లలు సర్వీసుకి ముందు ఏం చేస్తారు, వెనకబడినప్పుడు ఎలా ఉంటారు అన్నది దగ్గరనుంచి చూడటం పెద్ద చదువు.

అమ్మాయిల విషయంలో వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

అమ్మాయిల డ్రాల్లో ఎంట్రీలు తరచుగా తక్కువ ఉంటాయి, కాబట్టి చాలాసార్లు నేరుగా మెయిన్ డ్రాలో చోటు దొరుకుతుంది. బాత్రూములు ఎలా ఉన్నాయో ముందే కనుక్కోండి, చాలా వేదికల్లో ఇది ఇప్పటికీ సమస్యే, నిర్వాహకులని నిలదీసి అడగడంలో తప్పు లేదు. నెలసరి రోజుల్లో ముదురు రంగు షార్ట్స్ వేసుకోవడం, బ్రేక్ ఎప్పుడు అడగాలో ముందే రెఫరీతో మాట్లాడటం నేర్పండి. పదమూడు పద్నాలుగేళ్ళ దగ్గర చాలామంది అమ్మాయిలు ఆట మానేస్తున్నారు, ఎండలో నల్లబడతావనీ చదువుకోమనీ బంధువులు చెప్పే మాటలు కూడా కారణమే. భమిడిపాటి శ్రీవల్లి రష్మిక, సహజ యమలపల్లి ఇక్కడి నుంచి వెళ్ళి దేశానికి ఆడుతున్నారు. వాళ్ళ మ్యాచ్‌లు చూపించండి.

అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా?

వచ్చే అవకాశం ఉంది, గ్యారంటీ లేదు. మన ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో, సహజ శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో చదువుకుంటూ ఆడారు. కాలేజీ కోచ్‌లు ఐటా ర్యాంకుని పెద్దగా పట్టించుకోరు. ఐటీఎఫ్ జూనియర్ ర్యాంకు, యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్), మార్కులు, మ్యాచ్ వీడియోలు చూస్తారు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు లెక్కలోకి వస్తాయి, అందుకే పైన చదువు మానిపించొద్దన్నాను.

మేము అమెరికాలో ఉంటాం. సెలవులకి వచ్చినప్పుడు పిల్లలు ఇక్కడ ఆడొచ్చా?

ఐటీఎఫ్ జూనియర్స్ ఏ దేశం పిల్లలకైనా తెరిచే ఉంటాయి, ఐపిన్ ఉంటే చాలు. ఐటా టోర్నమెంట్లకి పాస్‌పోర్టు ఏ దేశానిది అనేది ముఖ్యం, టికెట్లు తీసేముందే ఐటాని అడగండి. అక్కడ అమెరికా టెన్నిస్ సంఘం యూఎస్‌టీఏలో లెవెల్ 7 నుంచి లెవెల్ 1 దాకా మెట్లుంటాయి, 7 మొదటిది. లెవెల్ 5, 4 ఆడే పిల్లలకి ఇక్కడి ఎండ, మట్టి కోర్టులు, ఎత్తుగా లేచే బంతులు మొదట్లో కష్టంగా ఉంటాయి. వచ్చిన వారంలోనే ఆడించకండి, జెట్ లాగ్ తగ్గనివ్వండి.

ఎంట్రీ ఇచ్చాక పిల్లలకి జ్వరం వస్తే?

విత్‌డ్రాయల్ గడువు లోపలైతే ఆన్‌లైన్‌లోనే పేరు తీసేయండి, ఏ ఇబ్బందీ ఉండదు. గడువు దాటితే రెఫరీకి వెంటనే ఫోన్ చేసి, రాతపూర్వకంగా పంపి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేయండి. చెప్పకుండా మానేస్తే పెనాల్టీ పడుతుంది. కాస్త జ్వరమే కదా, ఫీజు కట్టాం కదా అని మాత్ర వేసి ఆడించకండి. సైన్ ఇన్ మొదలయ్యేలోపు కబురు చేస్తే మీ చోటు ఆల్టర్నేట్ లిస్టులో ఎదురుచూస్తున్న ఇంకొకరికి దక్కుతుంది.